నిచ్చెన పట్టిన చెయ్యి

పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని పెద్దలు చెప్పారు. ఆ పెద్దలెవరూ కర్టెన్ల షాపులో పనిచేసి ఉండరు. అక్కడ పడ్డవాళ్ళదే తప్పు. నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుని, కట్టు విప్పించుకుని, మళ్ళీ పనిలోకొచ్చిన మొదటి ఉదయమే టేపమ్మకి ఆ సంగతి తెలిసొచ్చింది.

టేపమ్మ అన్నది షాపువాళ్ళు పెట్టిన పేరు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు. కొలవడం, కత్తిరించడం, కుట్టడం ఆ షాపులో అందరికీ వచ్చు. కానీ ఎత్తున రాడ్డు బిగించి, తెర వేలాడదీసి, పైనుంచి ఒక్కో మడతనీ వేళ్ళతో సర్ది, అది నేల దాకా ఒకే తీరున జారేలా చెయ్యడం ఆమె ఒక్కదాని వల్లే అయ్యేది. బిగింపు పని ఉన్న రోజున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆమె నడకే వేరుగా ఉండేది.

ఆ ఉదయం తన పనిముట్ల సంచీ కోసం గోడకున్న మేకు వైపు చెయ్యి చాపింది. మేకు బోసిగా ఉంది. సంచీ బావమరిది భుజాన వేలాడుతోంది.

ఓనరుగారి భార్యకి తమ్ముడు కాబట్టి అతను ఓనరుకి బావమరిది. షాపులో అందరి నోటా కూడా అతను బావమరిదే. ముప్ఫై దాటినవాడు. ఎప్పుడూ నవ్వుమొహమే, ఎప్పుడూ తీపి మాటే. "నువ్వు కూర్చో అక్కా, నీ పని నేను చూసుకుంటాగా," అన్నాడు. విన్నవాళ్ళు తోడబుట్టినవాడే అనుకోవాలి, అంత ప్రేమ కారిపోయింది ఆ మాటలో.

ఓనరు అద్దాల గదిలోంచి వచ్చి, మిషన్ల వరసలో చివరిదాన్ని చూపించాడు. ఇకమీదట అక్కడ కూర్చుని అంచులు కుట్టమన్నాడు. కళ్ళు తిరిగే మనిషిని పైకెక్కించి, మళ్ళీ ఏమన్నా అయితే ఆ పాపం తనకెందుకన్నాడు.

"నాకు కళ్ళు తిరగలేదండీ," అంది టేపమ్మ. "కింద నిచ్చెన జారింది."

"దానంతటది ఎందుకు జారుతుందమ్మా? మావాడు పట్టుకునే ఉన్నాడుగా."

బావమరిది జాలిగా తలూపాడు. పైన ఆమె ఒక్కసారి ఊగడం తను కళ్ళారా చూశానన్నాడు. అందుకుందామనుకునేలోపే అయిపోయిందన్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. అబద్ధానికి అంత సరంజామా అక్కర్లేదు గానీ, కొందరు పనిమంతులు.

జరిగిందేమిటో టేపమ్మకి తెలుసు. పైన బ్రాకెట్టుకి మర బిగిస్తోంది. కింద ఫోను మోగింది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళింది. ఆ తర్వాత, నున్నటి నేల మీద నిచ్చెన కాలు కీచుమంటూ జారింది. ఇదే మాట ఆసుపత్రిలో మంచం మీంచి చెప్పింది, చూడటానికొచ్చిన ఓనరుకి చెప్పింది, తోటి కుట్టుపనివాళ్ళకి చెప్పింది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఆమె చెప్పే మెత్తటి మాట మీద అతను చెప్పే తీపి మాట ఎక్కి కూర్చుంది. ఆమె కట్టు విప్పించుకుని వచ్చేసరికి వీధి చివర టీ కొట్టువాడికి కూడా ఆమెకి కళ్ళు తిరుగుతాయని తెలుసు. జాగ్రత్తమ్మా, ఎండలో నిలబడకు అని సలహా కూడా ఇచ్చాడు.

మేకని భుజాన వేసుకుని పోయేవాణ్ణి పట్టుకుని నలుగురూ కుక్క, కుక్క అంటే, చివరికి వాడే దించి చూసుకున్నాడట. టేపమ్మ కూడా ఈమధ్య దించి చూసుకుంటోంది. నిజంగా తిరిగాయేమో. ఏమో. మేడ మెట్లు దిగేటప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే గోడని వెతుక్కుంటోంది.

అన్నిటికన్నా కడుపు మండే విషయం సంగీతం బడి హాలు. పడకముందు ఆ హాలు కొలతలు తీసొచ్చింది తనే. మనిషికి మూడింతలుండే కిటికీలు, చెక్క నేల, ఎత్తైన కప్పు. ఆ చివర కూర్చున్న సంగీతం టీచరుగారు పుస్తకంలో పేజీ తిప్పితే ఈ చివర వినపడింది. ఇక్కడ ఎవరూ రహస్యాలు మాట్లాడుకోకూడదమ్మా అని ఆవిడ నవ్వింది. పాఠం చెబుతుంటే మోత ఎక్కువైపోతోందనీ, అందుకే బరువైన తెరలు కావాలనీ చెప్పింది. ఇంత మంచి పని మళ్ళీ ఎన్నాళ్ళకి దొరుకుతుందో అనుకుంటూ వచ్చింది టేపమ్మ ఆ రోజు. ఇప్పుడా తెరల అంచులు తను కుట్టాలి, బావమరిది వెళ్ళి వేలాడదీయాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అచ్చుయంత్రం దగ్గర పనిచేసే ఆమె భర్త మనిషి మంచివాడే. సాయంత్రం ఆమె మొహం చూసి సంగతేమిటని అడిగాడు, అంతా విన్నాడు, విని పోనీలెద్దూ అన్నాడు. కూర్చుని చేసుకునే పని హాయి కాదా అన్నాడు. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది.

"అయినా నీకు మొదట్నుంచీ ఎత్తంటే కాస్త భయమేగా," అన్నాడు.

టేపమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మొదట్నుంచీ అట. ఈ మనిషి ఇంట్లో బల్బు మార్చాల్సి వచ్చినప్పుడల్లా స్టూలెక్కింది ఎవరు? కట్టుకున్నవాడి నోటికి కూడా ఆ కూత వచ్చేసిందంటే ఇంక ఎవరికి చెప్పుకోవాలి? ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అత్త ఫోను చేసింది అప్పుడే. నాన్నకి స్వయానా చెల్లెలు, టేపమ్మకి మేనత్త. పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం. జుట్టు ముప్పాతిక నెరిసింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, ఆదివారమొస్తే తాళ్ళ సంచీ భుజాన వేసుకుని చెట్లెక్కడానికి పోతుంది. పళ్ళ కోసం కాదు, కట్టెల కోసం కాదు, సరదాకి. చుట్టాల్లో ఆమెకి చెట్టత్త అని పేరు. పెళ్ళిళ్ళలో ఆ మాట చెప్పుకుని నవ్వుతారు, చెట్టత్త కూడా కలిసి నవ్వి, తర్వాతి ఆదివారం మళ్ళీ ఎక్కుతుంది.

తనతో ఎప్పుడూ వచ్చే స్నేహితురాలికి జ్వరమట. కింద నిలబడటానికి ఒక మనిషి కావాలట.

"నువ్వు ఎక్కక్కర్లేదు లేవే. కింద నుంచుంటే చాలు," అంది.

భర్త పక్కనుంచి విని, చింతచెట్టు మీది దయ్యం మేనకోడల్ని పిలుస్తోందన్నాడు. టేపమ్మ అతని వైపు చూడకుండా వస్తానని చెప్పింది.

ఊరి చివర పొలాల దాపున ఉంది ఆ చెట్టు. చింతచెట్టే. మొదలు చుట్టూ ఇద్దరు చేతులు చాచినా అందదు. చెట్టత్త రాగానే సంచీ దించలేదు. చెట్టు చుట్టూ తలెత్తుకుని తిరిగింది, వేళ్ళ దగ్గర ఒంగి చూసింది, బెరడు మీద పిడికిలితో తట్టింది, ఎండిన కొమ్మలెక్కడున్నాయో వేలు పెట్టి చూపించింది. తేనెపట్టు లేదని తేలాక అప్పుడు సంచీ విప్పింది.

సన్నటి దారం చివర బరువున్న చిన్న సంచీ కట్టి, రెండు కాళ్ళ మధ్య ఊపి, పైకి విసిరింది. అది కొమ్మని తాకి వెనక్కొచ్చింది. మళ్ళీ విసిరింది. ఈసారి ఆకుల్లోంచి దూరి లావాటి కొమ్మ మీంచి అవతలికి పడింది. దారంతో అసలు తాడుని పైకి లాగింది. తాడు రాపిడికి బెరడు దెబ్బతినకుండా దాంతోపాటే పైకి పోయిన తోలు తొడుగు ఒకటి కొమ్మ మీద కూర్చుంది. ఎక్కేది మనం, నొప్పి దానికెందుకు అంది. నడుముకీ తొడలకీ వెడల్పాటి పట్టీలు బిగించుకుంది. దాన్ని జీను అంటారట.

"గుర్రానికి కట్టేదేగా," అంది టేపమ్మ.

"ఔను. నీకూ ఒకటి తెచ్చాను."

టేపమ్మ వద్దనలేదు, ఔననలేదు. చెట్టత్త తాడు ఒక కొస జీనుకి తగిలించి, రెండో పాయ మీద ముడి వేసింది. ఆ ముడి మీద బరువు పడితే బిగుసుకుని తాడుని పట్టేస్తుంది, బరువు తీస్తే పైకి జారుతుంది. వేశాక టేపమ్మ చెయ్యి పట్టుకుని ఆ ముడి మీద పెట్టించింది. ఒకరు వేసిన ముడి రెండోవాళ్ళు తాకి చూసి, చూశాను అని నోటితో చెప్పాలట. లేకపోతే పాదం నేల విడవకూడదట. ఇన్నేళ్ళుగా ఎక్కుతున్నావుగా, నేను చూసేదేముందని టేపమ్మ నసిగింది. అలా అనుకున్నవాళ్ళే పడతారని చెట్టత్త మామూలుగా చెప్పింది. గుడ్డ మీద కుట్టు చూసే కళ్ళతో టేపమ్మ ముడి మెలికలన్నీ చూసింది.

"చూశాను."

"ఇంకొక్కటి. కింద నిలబడ్డవాళ్ళు అడుగు కదపాలంటే పైనున్నవాళ్ళని అడగాలి. వెళ్ళనా అని. పైనుంచి వెళ్ళు అని వినపడితేనే వెళ్ళాలి. వినపడకపోతే నుంచోవాలి. అంతే. ఇంక మిగతాదంతా తాడు చూసుకుంటుంది."

చెట్టత్త పైకి పోతుంటే టేపమ్మ మెడ నొప్పెట్టేదాకా చూస్తూ నిలబడింది. చెట్టత్త సగంలో ఉండగా టేపమ్మ ఫోను మోగింది. భర్త అయ్యుంటాడు. ఫోను సంచీలో ఉంది, సంచీ పక్క రాయి మీద ఉంది. ఆమె కాలు అటు కదలబోయి ఆగింది. తలెత్తి, ఫోనొచ్చింది, వెళ్ళనా అని అడిగింది. చెట్టత్త ఆగమని, కొమ్మ మీదికి చేరి, ఇంకో చిన్న పట్టీ కొమ్మ చుట్టూ వేసి కొక్కెం తగిలించుకుని, అప్పుడు వెళ్ళు అంది. ఈలోగా ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఏ మిన్నూ విరిగి మీద పడలేదు. టేపమ్మ కదలకుండా అక్కడే నిలబడి, వెళ్ళనా అన్న మాటకి ఎంత సేపు పట్టిందో ఆలోచించింది. ఆవలించినంత సేపు కూడా పట్టలేదు. ఆ మాత్రం మాట. ఆ మాత్రం మాట అనడానికి ఆ రోజు నిచ్చెన పట్టిన పెద్దమనిషికి నోరు రాలేదు.

చెట్టత్త దిగివచ్చి జీను చాపితే టేపమ్మ అందులో కాళ్ళు పెట్టింది.

ముడి తనే వేసింది. రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారి కుదిరింది. చెట్టత్త తాకి, చూశాను అంది. మోకాలెత్తున వేలాడి ఊగి చూపించమంది. తాడు పట్టింది. కాలికి ఉచ్చు తగిలించుకుని, దాంట్లో నిలబడటం, ముడిని పైకి తొయ్యడం, మళ్ళీ జీనులో కూర్చోవడం. గొంగళిపురుగు పాకినట్టు పాకింది. ఓ మనిషెత్తు దాటాక గాలికి తాడు కొంచెం తిరిగింది. అంతే, ఆమె భయపడి రెండు చేతులతో ముడిని గట్టిగా పట్టేసుకుంది. పట్టుకున్న మరుక్షణం సర్రున కిందికి జారింది. జారుతున్నకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ముడి వదిలెయ్," అంది చెట్టత్త. గొంతు పెంచలేదు.

వదలడమా. ఒంట్లో ఒక్క నరం కూడా ఒప్పుకోలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ముడి బిగుసుకుంది, తను ఆగింది. చింతాకులు రెండు వచ్చి ఆమె చేతి మీద పడ్డాయి. కొత్తవాళ్ళంతా అదే చేస్తారనీ, దాని నెత్తిన చెయ్యేసి నొక్కితే జారుతుందనీ, దిగేటప్పుడు మాత్రమే మెల్లగా అలా చెయ్యాలనీ చెట్టత్త కిందనుంచి చెప్పింది. మణికట్టులో పాత నొప్పి లేచింది. టేపమ్మ కాసేపు వేలాడి, ఉచ్చులో కాలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

కొమ్మ అందింది. కాలు అవతలికి వేసి కూర్చుని, చిన్న పట్టీ కొమ్మ చుట్టూ తిప్పి కొక్కెం తగిలించుకుంది. అప్పుడు కళ్ళు మూసుకుంది. ఇంక తిరగాలిగా. షాపంతా చెప్పింది, టీ కొట్టువాడు చెప్పాడు, మొగుడు చెప్పాడు. తిరిగితే తిరగనీ, ఇవాళ తేలిపోవాలి అనుకుని కళ్ళు తెరిచి తిన్నగా కిందికి చూసింది.

కింద చెట్టత్త ఉంది. ఆమె నెరిసిన జుట్టులో పాపిడి సన్నటి గీతలా కనిపించింది. రాయి కనిపించింది, రాయి మీద సంచీ, సంచీ జిప్పు సగం తెరిచి ఉండటం కూడా కనిపించింది. ఏదీ తిరగలేదు. దూరంగా పొలం గట్టు మీద ఎవరో సైకిలు నడిపించుకుని పోతున్నారు. టేపమ్మ తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, కావాలని విసురుగా తిప్పింది. కొమ్మ కొమ్మలాగే ఉంది. ఆమె గుండె నిదానంగా కొట్టుకుంటోంది.

"నీళ్ళ సీసా కోసం రాయి దాకా వెళ్ళనా?" అని కిందనుంచి వినపడింది.

ఆమె విన్నది గానీ నోట మాట రాలేదు. మణికట్టు ఇప్పుడే విరిగినట్టనిపించింది. చెప్పుల చప్పుడు గుర్తొచ్చింది. కీచుమన్న చప్పుడు గుర్తొచ్చింది. కాసేపటికి చూసుకుంటే చెట్టత్త ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎండ నేరుగా నెత్తిన పడుతోంది. గొంతెండిపోయి పెదాలు తడుపుకుంటోంది. పది అడుగుల్లో నీళ్ళున్నాయి. అయినా కదల్లేదు, తలెత్తి పైకి చూస్తూ జవాబు కోసం నిలబడింది.

అది చూసేసరికి టేపమ్మకి దుఃఖం ఆగలేదు. దుఃఖం కాదు, కోపం. కోపానికి కూడా కన్నీళ్ళే వస్తాయి, వేరే నీళ్ళు లేవు కదా. తన జవాబు కోసం ఒక ముసలామె దాహంతో ఎండలో నిలబడింది. తన ప్రాణం చేతిలో పెట్టుకున్నవాడు ఫోనుకున్నంత విలువ కూడా తనకివ్వలేదు. ఇవ్వకపోగా తన కళ్ళ మీద నింద వేశాడు, తన సంచీ భుజాన తగిలించుకున్నాడు. వాళ్ళందరూ అన్నారని తను మెట్ల మీద గోడ పట్టుకుని దిగింది. తన మీద తనకి కూడా మండింది.

"వెళ్ళత్తా," అంది. "వెళ్ళి తాగు."

దిగాక జీను విప్పుకుంటూ చెప్పింది. "నాకు కళ్ళు తిరగలేదత్తా. ఇవాళా తిరగలేదు, ఆ రోజూ తిరగలేదు."

"తిరిగాయని ఎవరన్నారు?"

"అందరూ."

"అందరూ నీతోపాటు పైనున్నారా ఏంటి?"

చెట్టత్త తాడు చుట్ట చుట్టుకుంది.

మర్నాడు టేపమ్మ సరాసరి అద్దాల గదిలోకి వెళ్ళి ఓనరుతో చెప్పింది. చింతచెట్టెక్కాననీ, చాలాసేపు కూర్చున్నాననీ, తనకి ఏ తిరుగుడూ లేదనీ, ఆ రోజు బావమరిదే నిచ్చెన వదిలేసి ఫోను కోసం వెళ్ళిపోయాడనీ చెప్పింది. ఈసారి మెత్తగా చెప్పలేదు. ఓనరు లెక్కలు చూసుకుంటూనే విన్నాడు. చెట్లు కోతులు కూడా ఎక్కుతాయన్నాడు. జరిగిపోయినదాన్ని తవ్వుకుంటే ఎవరికి లాభమన్నాడు. ఇంట్లో తన భార్య మొహం తను చూడాలి కదమ్మా అని కూడా అన్నాడు, నవ్వుతూనే. అంటే ఆయనకి తెలుసన్నమాట, లేకపోతే తెలుసుకోవడం ఇష్టం లేదన్నమాట. ఏది ఎక్కువ సిగ్గుమాలిన పనో చెప్పడం కష్టం.

టేపమ్మ వెళ్ళి చివరి మిషను ముందు కూర్చుంది. రోజంతా అంచులు కుట్టింది. ఒక్క కుట్టూ వంకర పోలేదు. ఎవరి మీదో కోపం గుడ్డ మీద చూపించే రకం కాదు ఆమె.

ఆ వారంలోనే సంగీతం బడికి తెరలు తీసుకెళ్ళారు. బావమరిదికి రాడ్డు బిగించడం వచ్చినా మడతలు సర్దడం రాదు. అందుకని కిందనుంచి చెబుతూ ఉండటానికీ, నిచ్చెన పట్టుకోవడానికీ టేపమ్మని రమ్మన్నాడు ఓనరు. పైకి మాత్రం నువ్వెక్కద్దు అని మళ్ళీ చెప్పాడు. పెద్ద పని కాబట్టి తనూ వచ్చి, హాలు ఆ చివర టీచరుగారి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ టీ తెప్పించింది.

బావమరిది చొక్కా జేబులో హుక్కులు పోసుకున్నాడు. ఫోను పట్టక దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. టేపమ్మ నిచ్చెనని గోడకి ఆనించి, వాలు సరిచూసి, దాని కాలికి తన పాదం అడ్డం పెట్టి, రెండు చేతులతో పక్కబద్దలు పట్టుకుంది.

"నేను కదలాలంటే నిన్నడుగుతాను. నువ్వు సరే అంటేనే కదులుతాను," అంది.

"కొత్తగా ఏంటక్కా," అని నవ్వుకుంటూ ఎక్కాడు.

పైమెట్టు చేరేసరికి ఆ నవ్వు లేదు. మనిషి మోకాళ్ళు వణికితే నిచ్చెన బద్దలు ఆ సంగతి అరచేతులకి చెప్పేస్తాయి. టేపమ్మ పాదం ఇంకొంచెం గట్టిగా ఆనించింది. అతను మొదటి తెరకి హుక్కులు తగిలించడం మొదలుపెట్టాడు. రెండు మడతలు ఒకచోట ముద్దయ్యాయి. అవతలికి జరపమని ఆమె చెప్పింది. అప్పుడు గట్టు మీద ఫోను మోగింది. ఆ ఖాళీ హాల్లో నాలుగు ఫోన్లు మోగినట్టు మోగింది.

"ఎవరో చూడక్కా."

ఫోను ఆమె చేతికందే దూరంలో లేదు.

"చూడాలంటే నిచ్చెన వదలాలి," అంది టేపమ్మ. "వదలనా?"

పైన హుక్కుల గలగల ఆగిపోయింది.

"వద్దు. వద్దొద్దు. వదలకు."

"వదలను." ఫోను ఇంకా మోగుతూనే ఉంది. "ఆ రోజూ నీ ఫోనే మోగింది. నన్నడిగావా?"

ఆమె గొంతు పెంచలేదు. పక్కన నిలబడ్డవాళ్ళతో మాట్లాడే గొంతుతోనే అడిగింది. ఆ హాలు ఎలాంటిదో అప్పుడు ఆమెకి గుర్తుందో లేదో మనం తర్కించనక్కర్లేదు.

"ఇప్పుడెందుకక్కా అవన్నీ," అన్నాడు అతను గుసగుసగా.

"అడిగావా?"

"...లేదు."

"పట్టుకునే ఉన్నావా?"

"లేదక్కా. బయటికెళ్ళాను. నిమిషంలో వచ్చేద్దామనుకున్నాను, ఇంతలో..." అతను రెండో చేత్తో రాడ్డు పట్టుకున్నాడు. "బావకి మాత్రం చెప్పకు."

ఫోను ఆగిపోయింది. చప్పుడంటూ ఏమీ లేని ఆ హాల్లో, ఆ చివర ఎవరో కప్పుని సాసరు మీద పెట్టిన చప్పుడు ఈ చివర దాకా వచ్చింది. బావమరిది తల తిప్పి అటు చూశాడు. ఓనరు లేచి నిలబడి ఉన్నాడు. టీచరుగారు ఓనరు వైపు చూడటం లేదు, టేపమ్మ మణికట్టు వైపు చూస్తోంది.

"దిగరా," అన్నాడు ఓనరు.

"మెల్లగా దిగు," అంది టేపమ్మ. "పట్టుకునే ఉన్నాను."

అతని రెండు పాదాలూ నేల మీద ఆనేదాకా ఆమె చేతులు తియ్యలేదు. అతను ఎవరి మొహమూ చూడకుండా ఫోను తీసుకుని, భుజాన ఉన్న సంచీ గోడ వార పెట్టి, గుమ్మం వైపు నడిచాడు. ఆ చెప్పుల చప్పుడు ఆమెకి తెలిసినదే.

ఓనరు దగ్గరికొచ్చాడు. టీచరుగారు వింటోందని తెలుసు కాబట్టి గొంతులో చాలా బాధ పెట్టాడు. "ఇంత జరిగితే ముందే చెప్పొద్దూ తల్లీ?"

చూశారా మరి. ఆసుపత్రి మంచం మీంచి చెప్పింది. మేకు ముందు నిలబడి చెప్పింది. మొన్నటికి మొన్న అద్దాల గదిలో చెప్పింది. ఇంకా ముందంటే పుట్టకముందే చెప్పాలేమో. ఇన్నాళ్ళూ ఆమె చెబితే గాలి, ఇప్పుడు బావమరిది చెబితే మాట. టేపమ్మకి నాలుక చివరికి చాలా వచ్చాయి. అవన్నీ మింగి ఒక్కటే అంది.

"చెప్పానండీ."

ఓనరు ఒంగి, సంచీ తనే తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె అది భుజాన వేసుకుంది, మెడలో టేపు సర్దుకుంది, నిచ్చెన వాలు మళ్ళీ చూసుకుంది. హాల్లో పట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. ఓనరు ఒకసారి గుమ్మం వైపు చూసి, ఒకసారి టీచరుగారి వైపు చూసి, చేతులు రెండూ నిచ్చెన బద్దల మీద వేశాడు.

"కాలికి కాలు అడ్డం పెట్టండి," అంది టేపమ్మ. ఆయన పెట్టాడు. "కదలాలంటే నన్నడగండి. నేను వెళ్ళండి అంటేనే వెళ్ళాలి."

"అలాగేనమ్మా."

ఆమె ఎక్కింది. పైమెట్టు దగ్గర ఒకసారి ఆగి, కావాలని కిందికి చూసింది. ఓనరు బట్టతల నున్నగా కనిపించింది. ముద్దగా పడిన మడతలు విప్పి, మొదటి హుక్కు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళు పని మర్చిపోలేదు. ఒక్కో మడతా జారి నేల దాకా తిన్నగా దిగుతోంది. తెర విప్పుకున్నకొద్దీ హాల్లో మోత కొంచెం కొంచెంగా తగ్గుతోంది.

కాసేపటికి కిందనుంచి ఓనరు దగ్గాడు. చేతులు నొప్పెడుతున్నట్టున్నాయి. ఆ చివర టీ చల్లారిపోతోంది.

"ఆ చివరికి వెళ్ళి చూస్తే మడతలు ఎలా పడ్డాయో తెలుస్తుంది కదమ్మా. వెళ్ళనా?"

టేపమ్మకి బాగానే వినపడింది. సంచీలోంచి ఇంకో హుక్కు తీసింది. దాన్ని తగిలించి, మడతని వేళ్ళతో నొక్కి, సర్ది, తర్వాతి హుక్కు తీసింది. ఇంకా సగం తెర మిగిలి ఉంది. కింద ఓనరు, నిచ్చెన వదలకుండా, తలెత్తి ఆమె జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు.